స్టీఫెన్ కింగ్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? దయ్యాలంటే నాకు పడదు

మడతకుర్చీ
శనివారం, రాత్రి 10:40

‘షాషాంక్ రిడెంప్షన్’ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. టీవీలో సగంలో తగిలినా సరే, కుర్చీ లాక్కుని కూర్చుండిపోతాను. మొన్న మా తమ్ముడు “అది స్టీఫెన్ కింగ్ కథ” అన్నాడు. దయ్యాల పుస్తకాలు రాసేవాడికీ జైలు స్నేహానికీ ఏం సంబంధం అని పందెం కాశాను. రెండు బిర్యానీలు పోయాయి.

ఇప్పుడు కుతూహలం పట్టుకుంది. అరవైకి పైగా నవలలట, రెండొందల దాకా చిన్నకథలట. ఒక్క మనిషి అంత రాస్తే అందులో గింజెంత, పొట్టెంత? ఇంగ్లీషు నవల నాకు నెమ్మదిగా సాగుతుంది, ఏడాదికి రెండు మూడు మించవు. కాబట్టి ఒక్కటి చెప్పండి. దయ్యాలు తక్కువుంటే మేలు, మా వీధిలో కరెంటు తరచూ పోతుంది.

పాతపుస్తకాలబండి
శనివారం, రాత్రి 11:15

అన్నా, పందెం ఓడింది నువ్వొక్కనివే కాదు. ఫ్లోరిడాల ఓ సూపర్ మార్కెట్ల ఒక పెద్దావిడ కింగ్‌ను గుర్తుపట్టి, నీ భయం పుస్తకాలు నాకు పడవు, షాషాంక్ అసొంటి మంచి కథలంటే ఇష్టం అన్నదట. అది నేనే రాసిన అంటే, నువ్వు రాయలే అని మొఖం మీదనే చెప్పి పోయిందట. ఈ ముచ్చట ఆయనే ఇంటర్వ్యూలల్ల చెప్పుకుంటడు.

ఆ కథ 1982ల వచ్చిన ‘డిఫరెంట్ సీజన్స్’ల ఉన్నది. మొత్తం నాలుగు పెద్దకథలు, అండ్ల మూడు సినిమాలైనయి. ‘స్టాండ్ బై మీ’ కూడా గిండ్లదే. నాలుగోదాంట్లనే కొంచెం దయ్యం వాసన తగులుతది. గదే కొను. నాకు ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట చినిగింది దొరికింది. నడుమ ఎవరో సికింద్రాబాద్–కాజీపేట రైలు టికెట్ పెట్టి మర్చిపోయిన్రు. సరిగ్గ జైలు గోడ కథ కాడనే. ఆయన దిగాల్సిన స్టేషన్‌ల దిగిండో లేదో.

సందేహాలపుట్ట
ఆదివారం, ఉదయం 7:05

గింజెంత పొట్టెంత అన్నారే, అసలు ప్రశ్న అదే. ‘ద స్టాండ్’ 1978లో అచ్చయినప్పుడు ప్రచురణకర్తలు వందల పేజీలు కోసేశారు. 1990లో ఈయన పట్టుబట్టి కోసినదంతా తెచ్చి అతికించి, పుస్తకాన్ని వెయ్యి పేజీలు దాటించాడు. ‘ఇట్’ కూడా వెయ్యి దాటింది. చాట భారతాలు. ఎడిటర్ అనేవాడు ఉండేది ఎందుకు?

2003లో నేషనల్ బుక్ ఫౌండేషన్ వాళ్లు ఆయనకి గౌరవ పతకం ఇస్తే, హెరాల్డ్ బ్లూమ్ లాంటి పెద్ద విమర్శకుడు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆయన కోపంలో కాస్త అగ్రహారపు వాసన ఉంది, కాదనను. కానీ ముగింపుల సంగతేమిటి? ఎనిమిది వందల పేజీలు ఊపిరి బిగబట్టించి చివర్లో గాలి తీసేస్తాడు. ‘ఇట్’ రెండో సినిమాలో (2019) కింగే పాత సామాన్ల కొట్టువాడి వేషం వేసి, కథలో రచయితగా ఉన్న పాత్రతో “నీ ముగింపు నాకు నచ్చలేదు” అంటాడు. నేరం అంగీకరించినట్టే కదా!

లెక్కలమాస్టారు
ఆదివారం, ఉదయం 9:30

పుట్ట గారూ, పొద్దున్నే మొదలుపెట్టారా. మీతో తర్వాత.

కుర్చీ గారికి మనిషి సంగతి చెబుతాను, ఎందుకంటే నాకు ఆయనతో వృత్తి చుట్టరికం ఉంది. 1947లో అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టాడు. రెండేళ్లప్పుడు తండ్రి సిగరెట్లు కొనుక్కొస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. తల్లి ఇద్దరు కొడుకుల్ని పెట్టుకుని దొరికిన పనల్లా చేసింది. పిల్లాడు ఒక కుందేలు గురించి నాలుగు బుల్లి కథలు రాస్తే, కథకి పావు డాలరు చొప్పున ఇచ్చింది. రచన మీద ఆయన మొదటి సంపాదన అదే.

కాలేజీ అయ్యాక టీచరు ఉద్యోగం దొరక్క, గంటకి డాలరున్నర చిల్లరకి ఒక లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు, చేపల హోటళ్ల టేబుల్ గుడ్డలు ఉతికాడు. ఆ గుడ్డల్లో పురుగులు లుకలుకలాడేవని రాశాడు. తర్వాత హ్యాంప్డెన్ అకాడమీలో ఇంగ్లీషు మాస్టారు, ఏడాదికి 6,400 డాలర్లు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. కాపురం ట్రెయిలరులో, అంటే చక్రాల మీద తెచ్చి నిలబెట్టే రేకు ఇంట్లో. రాసుకునే చోటు ఏదంటే బట్టలుతికే గది: పిల్లలు రాసుకునే బల్ల తొడల మీద పెట్టుకుని, దాని మీద భార్య టైప్‌రైటరు.

అక్కడే ‘క్యారీ’ మొదలుపెట్టాడు. మూడు పేజీలు కొట్టి, ఆడపిల్లల సంగతి నాకేం తెలుసని చెత్తబుట్టలో పడేశాడు. భార్య టబితా బుట్ట ఖాళీ చేస్తూ అవి తీసి, సిగరెట్ బూడిద దులిపి చదివింది. పూర్తి చెయ్యి, నీకు తెలియని సంగతులు నేను చెబుతానంది. డబుల్‌డే అనే ప్రచురణ సంస్థవాళ్లు 2,500 డాలర్లు అడ్వాన్సుకి తీసుకున్నారు. ఆ కబురు ఫోనులో చెప్పే వీల్లేక టెలిగ్రాం పంపారు, బిల్లు భరించలేక ఫోను తీయించేశారు మరి.

1973 మేలో ఒక ఆదివారం, మదర్స్ డే. పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లకి అమ్ముడయ్యాయి, అందులో సగం నీదని కబురొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. కాళ్లు పట్టు తప్పి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. భార్యకి ఏదైనా కొనాలని బజారుకి పరిగెత్తితే ఆదివారం, అన్నీ మూత. ఒక్క మందుల షాపు తెరిచి ఉంది. అక్కడున్న వాటిలో ఖరీదైన వస్తువు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు. అదే కొన్నాడు.

దాంట్లో ఏముందో నాకు తెలియదు గానీ, నా మొదటి పీఆర్సీ బకాయిలు పడ్డ రోజు నేను మా ఆవిడకి ప్రెషర్ కుక్కర్ కొన్నాను. ఉన్నదే ఇంకోటి.

మడతకుర్చీ
ఆదివారం, ఉదయం 10:10

మాస్టారూ, కుక్కరు కంపెనీ చెప్పకండి, ఇక్కడ గొడవలవుతాయి.

వాళ్లమ్మగారు ఆ డబ్బు చూశారా?

లెక్కలమాస్టారు
ఆదివారం, ఉదయం 10:25

డబ్బు వచ్చిన సంగతి తెలుసుకుంది. పుస్తకం బజారులోకి రావడం చూడలేదు. క్యాన్సర్. ‘క్యారీ’ 1974 ఏప్రిల్‌లో వచ్చింది, అప్పటికే పోయింది. మంచం మీద ఉండగా ఆవిడ తోబుట్టువు ఆ నవల చదివి వినిపించిందట. ‘ద ఉమన్ ఇన్ ద రూమ్’ అని చిన్నకథ ఉంది. క్యాన్సర్‌తో తీసుకుంటున్న తల్లి, పక్కన కొడుకు, మందుల అలమర. దయ్యం లేదు, పిశాచం లేదు. నేను రెండోసారి చదవలేదు.

ఆ కథని ఒక కుర్రాడు ఒక్క డాలరుకి హక్కులు తీసుకుని షార్ట్ ఫిల్మ్ తీశాడు. సినిమా నేర్చుకునే పిల్లలకి కింగ్ తన చిన్నకథలు డాలరుకే ఇచ్చేవాడు. ఆ కుర్రాడి పేరు ఫ్రాంక్ డారబాంట్. తర్వాత 1994లో మీ షాషాంక్ తీసింది ఆయనే.

మూడోఅంతస్తు
ఆదివారం, మధ్యాహ్నం 2:20

అందరూ మంచి మంచి కథలు చెబుతున్నారు. నేను వదిలేసిన పుస్తకం గురించి చెప్పనా?

‘పెట్ సెమటరీ’. మా అత్తగారిల్లు హైవే పక్కన. లారీ వెళ్తే కిటికీ అద్దాలు అదురుతాయి. మా బాబుకి రెండున్నరేళ్లప్పుడు ఈ పుస్తకం పట్టుకున్నాను, బుద్ధి తక్కువై. కథలో డాక్టరు కుటుంబం కొత్తింట్లో దిగుతుంది. ఇంటి ముందు రోడ్డు, పగలూ రాత్రీ ట్యాంకర్లు. ముందు పిల్లి పోతుంది. చదివేవాళ్లకి ఆ రోడ్డు తర్వాత ఎవరిని అడుగుతుందో అప్పుడే తెలిసిపోతుంది. రచయిత దాచను కూడా దాచడు, ముందే చెప్పేస్తాడు. చెప్పేసి, ఆ మధ్యాహ్నం పిల్లాడు గాలిపటం ఎగరేయడం చూపిస్తాడు. తండ్రి చేతిలో దారం, పిల్లాడి చేతి మీద తండ్రి చెయ్యి. ఆ పేజీ దగ్గర మూసేశాను. పుస్తకాన్ని బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను, నిజంగా.

ఇది గాల్లోంచి పుట్టలేదు. మెయిన్‌లోనే ఆరింగ్టన్ అనే ఊళ్లో వాళ్లు అద్దెకున్న ఇంటి ముందు అలాంటి రోడ్డే. కూతురి పిల్లి దాని మీదే పోయింది. చిన్న కొడుకు రోడ్డు వైపు పరిగెడుతుంటే ఆఖరి క్షణంలో పట్టుకున్నారు. పట్టుకోలేకపోయి ఉంటే అన్న ఆలోచనే ఈ నవల. రాశాక ఆయనకే భయమేసి సొరుగులో పడేశాడు. పాత ప్రచురణకర్తకి ఒక పుస్తకం బాకీ ఉంటే 1983లో దీన్ని తీసి ఇచ్చాడు.

కాబట్టి కుర్చీ గారూ, దయ్యాలు తక్కువున్నది కావాలంటున్నారు గానీ ఆయన దగ్గర భయపెట్టేది దయ్యాలు కావు.

సందేహాలపుట్ట
ఆదివారం, మధ్యాహ్నం 3:00

మూడోఅంతస్తు గారూ, మీరు చెప్పింది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ పూర్తి చేయకుండా వదిలేసిన పుస్తకానికి సిఫారసు ఎలా ఇస్తారు? చివరికి వెళ్తే అక్కడ నా ఫిర్యాదు అర్థమయ్యేది.

మూడోఅంతస్తు
ఆదివారం, మధ్యాహ్నం 3:04

మా బాబుకి ఇప్పుడు పదకొండేళ్లు. పుస్తకం ఇంకా డ్రమ్ము వెనకే ఉంది. మీ ఫిర్యాదు నేను మరో జన్మలో వింటాను.

బోస్టన్ బాబాయి
ఆదివారం, సాయంత్రం 6:45

లేచేసరికి ఇంత చర్చ! నేనుండేది మసాచుసెట్స్‌లో. పోయిన అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని పైకి వెళ్లి, మా ఆవిడ సణుగుతున్నా వినకుండా బ్యాంగర్ దాకా లాక్కెళ్లాను. నాలుగు గంటల దారి. వెస్ట్ బ్రాడ్‌వే వీధిలో ఎర్రటి పాతకాలపు ఇల్లు, ఇనప గేటు మీద గబ్బిలాలు, సాలెగూడు. గేటు బయట మనలాంటి వాళ్లే ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడ కారు దిగలేదు. “మన వినాయకుడి పందిరి దీనికంటే బాగుంటుంది” అంది.

నాకు ఇల్లు కన్నా ఊరు నచ్చింది. ‘ఇట్’లో డెరీ అని ఊరుంటుంది కదా, అది బ్యాంగరే. గుట్ట మీద గుండ్రటి నీళ్ల ట్యాంకు, ముప్ఫై ఒక్క అడుగుల పాల్ బన్యన్ (అక్కడి జానపద కథల్లో చెట్లు కొట్టే మహాకాయుడు) బొమ్మ, ఊరి మధ్య కాలువ, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. డెరీ, క్యాసిల్ రాక్, జెరూసలెమ్స్ లాట్, ఇవన్నీ ఆయన కట్టుకున్న ఊళ్లు. ఒక పుస్తకంలో హతుడు ఇంకో పుస్తకంలో ఎవరి మాటల్లోనో గుర్తుకొస్తాడు. మాల్గుడి ఉందే, ఆ మాల్గుడిలో ప్రతి ఇరవయ్యేడేళ్లకీ పిల్లలు మాయమవుతుంటే పెద్దవాళ్లు ఎరగనట్టు ఊరుకుంటే ఎలా ఉంటుందో, అది డెరీ.

పుట్ట గారికి ఒక మాట. వెయ్యి పేజీలు ఎందుకంటే, ఆ ఊళ్లో మనం కాపురం పెట్టాలి కాబట్టి.

సందేహాలపుట్ట
ఆదివారం, సాయంత్రం 7:10

కాపురం పెట్టాను బాబాయ్. అద్దె ఎక్కువ.

రాత్రిడ్యూటీ
సోమవారం, తెల్లవారుజాము 3:20

స్టాఫ్ నర్సుని. వార్డు ఇప్పుడే సద్దుమణిగింది. నా ఓటు ‘మిజరీ’కి (1987). చిన్న నవల, రెండే పాత్రలు, దయ్యం అసలు లేదు. కారు ప్రమాదంలో కాళ్లు విరిగిన రచయిత, అతన్ని తన ఇంట్లో పెట్టుకుని “నీకు నేనే పెద్ద అభిమానిని” అనే మాజీ నర్సు యానీ విల్క్స్. తనకిష్టమైన పాత్రని చంపేశాడని కోపం. మళ్లీ బతికించి రాయమంటుంది.

మొదటిసారి చదివినప్పుడు మా వృత్తి పరువు తీశాడని తిట్టుకున్నాను. రెండోసారి చూస్తే మాత్రలు ఆయన ఎలా లెక్కపెడతాడో పట్టుకుంది నన్ను. నోవ్రిల్ అని మందు పేరు, అది కల్పితం. ఆరు గంటలకోసారి రెండు. ఆవిడ ఆలస్యం చేస్తే నొప్పి సముద్రపు పోటులా ఎలా పైకొస్తుందో, మాత్ర ఇచ్చే చేతిని రోగి ఎలా ప్రేమించడం మొదలుపెడతాడో. డీ-అడిక్షన్ వార్డులో ఏడాది చేశాను. అది చూడకుండా రాయలేరు.

చూడడం కాదు, ఆయనే ఆ రోగి. బీరు, కొకైన్, మాత్రలు, దగ్గు మందు, ఆఖరికి నోరు పుక్కిలించే మందు కూడా తాగేవాడు. ‘కూజో’ (1981) రాసినట్టే సరిగ్గా గుర్తులేదని చెప్పుకున్నాడు. తల్లి అంత్యక్రియల్లో మాట్లాడినప్పుడు కూడా తాగే ఉన్నాడు. చివరికి టబితా ఇంటివాళ్లనీ స్నేహితుల్నీ కూర్చోబెట్టి, ఆయన గదిలోంచి తెచ్చిన చెత్త సంచి నేల మీద కుమ్మరించింది: డబ్బాలు, సీసాలు, రక్తం, చీమిడి అంటిన పొడి చెంచాలు. మానతావా, ఇల్లు వదిలిపోతావా అంది. యానీ విల్క్స్ అంటే కొకైనే, నా నంబర్ వన్ అభిమాని అదే అని తర్వాత ఆయనే అన్నాడు.

చెత్తబుట్టలోంచి మొదటి నవల తీసిందీ ఆవిడే, చెత్త సంచి కుమ్మరించిందీ ఆవిడే. టబితా కింగ్ కూడా నవలలు రాసిందని ఎంతమందికి తెలుసు?

ఇంకోటి. ‘మిజరీ’ ఆధారంగా బాలు మహేంద్ర తమిళంలో ‘జూలీ గణపతి’ తీశారు (2003). ఆ నర్సు లాంటి పాత్ర మన సరిత. ‘మరోచరిత్ర’ సరితే! చూసి రెండు రోజులు నిద్ర లేదు. సరే, బెల్ మోగుతోంది.

పాతపుస్తకాలబండి
సోమవారం, ఉదయం 8:00

అక్కా, నీ పోస్టు చదివినంక చాయ్ చల్లారిపోయింది.

గట్లనే ‘ద షైనింగ్’ (1977) కూడా. తాగుడు మానేసిన టీచరు, మంచుల చిక్కిన హోటల్, పెండ్లాం, చిన్న పోరడు. ఆ కథ ఎట్ల పుట్టిందంటే, కింగు, ఆయన పెండ్లాం కొలరాడోల స్టాన్లీ హోటల్‌కు సీజన్ ఆఖరి రాత్రి పోతే, అంత పెద్ద హోటల్‌ల వీళ్లే గెస్టులట, 217 రూము. క్యూబ్రిక్ సినిమాను (1980) లోకమంత మెచ్చుకుంటది, కింగ్‌కు మాత్రం మంట. ఎందుకంటే ఆయన రాసింది మంచోడు మెల్లమెల్లగ చెడిపోవుడు. సినిమాల జాక్ నికల్సన్ మొదటి సీన్లనే సగం పిచ్చోని లెక్క నవ్వుతడు. ఇగ పడనీకి ఎత్తు ఏడున్నది?

లెక్కలమాస్టారు
సోమవారం, సాయంత్రం 5:40

పుట్ట గారూ, మీ బాకీ తీరుస్తాను. ఇంత ఎలా రాశాడంటే రోజూ రాశాడు, అంతే. 2016లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వేదిక మీదే, ఇన్ని పుస్తకాలు ఇంత వేగంగా ఎలా రాస్తావయ్యా అని అడిగితే, రోజుకి ఆరు పేజీలన్నాడు. లెక్క మీరే వేయండి, రెండు నెలలకి 360. పండగలకీ పుట్టినరోజుకీ సెలవు తీసుకుంటానని పత్రికలవాళ్లకి చెప్పేవాడట. అబద్ధం, ఆ రోజుల్లోనూ రాసేవాణ్ణి అని ‘ఆన్ రైటింగ్’లో (2000) ఒప్పుకున్నాడు.

ఏడాదికి ఒకటి మించి వేస్తే జనం మొహం మొత్తుతారని ప్రచురణకర్తలు భయపడితే, రిచర్డ్ బాక్‌మన్ అని దొంగపేరు పెట్టుకుని మరో ఐదు నవలలు వదిలాడు. 1985లో వాషింగ్టన్ పుస్తకాల షాపు గుమాస్తా ఒకాయన శైలి పసిగట్టి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కాపీరైట్ కాగితాలు తిరగేస్తే ఒకదాని మీద కింగ్ పేరే ఉంది. గుట్టు రట్టయింది. బాక్‌మన్ ‘మారుపేరు క్యాన్సర్‌’తో పోయాడని కింగ్ ప్రకటించాడు. తమాషా ఏమంటే ఆ దొంగపేరుతో వచ్చిన ‘థిన్నర్’ అమ్మకాలు పేరు బయటపడ్డాక పది రెట్లయ్యాయి. అవే అక్షరాలు, అదే కాగితం.

సందేహాలపుట్ట
సోమవారం, సాయంత్రం 6:15

మాస్టారూ, మీరు నా వాదనకే సాక్ష్యం ఇచ్చారు. జనం పేరు కొంటున్నారు, పుస్తకం కాదు.

ఒక్క సంగతిలో మాత్రం ఆయనకి నమస్కారం పెడతాను. బాక్‌మన్ పేరుతో వచ్చిన ‘రేజ్’లో బళ్లో తుపాకీ పట్టిన కుర్రాడుంటాడు. తర్వాత నిజంగానే బడి కాల్పుల కేసుల్లో ఆ పుస్తకం పేరు వినిపించేసరికి, ఎవరూ ఆజ్ఞాపించకుండానే తనే ముద్రణ ఆపించేశాడు. అమ్ముడుపోయే సరుకుని రచయిత చేతులారా బజారులోంచి తీసేయడం చిన్న విషయం కాదు.

చుక్కలముగ్గు
సోమవారం, రాత్రి 9:50

కొత్త సభ్యురాలిని, అనువాదాలు చేస్తుంటాను. సరదాకి కింగ్ పేజీ ఒకటి తెలుగులోకి తెద్దామని కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది, చివరికి చింపేశాను.

దయ్యాలు సులువు, మనకి వాటికి మాటలు బోలెడు. కష్టం ఆయన ముసలివాళ్లతో. మెయిన్ పల్లెల్లో ‘అవును’ని ‘అయ్య’కీ ‘ఆయ్’కీ మధ్యగా సాగదీస్తారట. ‘పెట్ సెమటరీ’లో పక్కింటి ముసలాయన మాటంతా అదే. నేను దాన్ని గోదావరి ‘ఆయ్’ చేశాను. అంతే, ఆయన అమలాపురం అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ ప్రత్యక్షమయ్యాడు. మెయిన్ మాయం. శ్రీకాకుళం చేస్తే ఇంకో తంటా. మామూలు పత్రికభాషలో పెడితే మనిషే చచ్చిపోయాడు.

రెండోది, ఆయన వంటింటి సామాను. సబ్బు, సోడా, బీరు, తలనొప్పి మాత్ర, అన్నిటికీ కంపెనీ పేర్లే. అమెరికా పాఠకుడికి అది తన ఇల్లు. ఆ ఇంట్లోకి చీకటి వస్తుంది కాబట్టే భయం. మనకి అవి పరాయి సామాన్లు, భయం మధ్యలోనే ఎండిపోతుంది. మార్చి మన సబ్బులు పెట్టామా, కథ మనదైపోతుంది, అప్పుడు అనువాదం ఎందుకు?

రాత్రిడ్యూటీ
మంగళవారం, తెల్లవారుజాము 2:45

చింపకుండా ఉండాల్సింది అమ్మా. ఆ ఇంటివాళ్ల సంగతి చూశాం కదా, చెత్తబుట్టలో పడ్డవే అచ్చవుతాయి.

బోస్టన్ బాబాయి
మంగళవారం, ఉదయం 6:30

ఆ ‘అయ్య’ నేను చెవులారా విన్నాను, పెట్రోలు బంకులో. తమిళాయన ‘ఆమా’ అన్నట్టు మొదలై మధ్యలో ఆగిపోతుంది.

ప్రమాదం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1999 జూన్ 19, లవెల్ ఊరి దగ్గర రోడ్డు పక్కన నడుస్తున్నాడు. వ్యాను నడిపేవాడు బండిలో కుక్కని సర్దబోయి ఈయన్ని గుద్దేశాడు. తుంటి, కాలు, పక్కటెముకలు, ఊపిరితిత్తి. ‘ఆన్ రైటింగ్’ అప్పటికి సగంలో ఉంది. ఐదు వారాలకి నొప్పితోనే మళ్లీ కూర్చున్నాడు. సామాన్ల గది పక్క నడవలో బల్ల వేసి పెట్టింది ఎవరనుకున్నారు, టబితానే. తర్వాత ‘డ్రీమ్‌క్యాచర్’ మొత్తం ఫౌంటెన్ పెన్నుతో చేత్తో రాశాడు. అంత మంచి పుస్తకం కాదు, పుట్ట గారు ఎగిరి గంతేయవచ్చు.

సందేహాలపుట్ట
మంగళవారం, ఉదయం 7:00

గంతేశాను.

కానీ ‘ఆన్ రైటింగ్’కి నేనూ ఓటేస్తాను. దాంట్లో పొట్టు లేదు. పిల్లాడిగా, పత్రికలు కథ వద్దని తిరుగుటపాలో పంపిన చీటీలు గోడ మేకుకి గుచ్చి, బరువుకి మేకు ఊడొస్తే ఇంకా పెద్ద మేకు కొట్టి మళ్లీ రాసుకున్నాడట. ఇక్కడ కథ తిరిగొస్తే పత్రిక మీద నాలుగు పేజీల నిరసన రాసేవాళ్లు (నేనూ ఒకణ్ణి) చదవాలి.

పాతపుస్తకాలబండి
మంగళవారం, ఉదయం 9:10

‘గ్రీన్ మైల్’ను మర్చిపోవద్దు. 1996ల నెలకొక చిన్న బుక్కు, మొత్తం ఆరు. మన వారపత్రిక సీరియల్ లెక్కనే. ఒక దశల ఆరుకు ఆరు న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ లిస్టుల కూసున్నయి. మా నాయిన సీరియల్ పేజీలు చింపి సూదిదారంతోని కుట్టి దాచేటోడు. అండ్ల ఒక్క వారం పేజీ దొరకకుంటే పక్కింటికి పోయి అడిగొచ్చుడే. అమెరికోల్లకు కూడా ఆ బాధ ఒకసారి చూపెట్టిండు కింగ్, మంచిగైంది.

మడతకుర్చీ
గురువారం, రాత్రి 11:50

అందరికీ దండాలు. ‘డిఫరెంట్ సీజన్స్’ మా ఊరి షాపులో లేదు, తెప్పించడానికి పది రోజులన్నాడు. ఉన్నది ఒక్కటే: ‘పెట్ సెమటరీ’. మూడోఅంతస్తు గారు చెప్పింది గుర్తొచ్చి పెట్టేయబోయాను, మళ్లీ కొన్నాను.

రెండు రోజులుగా రాత్రిళ్లు చదువుతున్నా. నేననుకున్నంత కష్టమైన ఇంగ్లీషు కాదు. పిల్లి పోయింది. ముసలాయన డాక్టరుని తీసుకుని ఆ దుంగల గుట్ట దాటి అవతలికి వెళ్లాడు. ఇంతవరకూ చదివాను. ఇప్పుడే కరెంటు పోయింది. ఫోను లైటుతో ఇది టైపు చేస్తున్నా.

మధ్యలో లేచి వెళ్లి వాకిట్లో ఉన్న మా చిన్నాడి సైకిలు లోపల పెట్టి, గేటు గడియ వేసి వచ్చాను. మా ఇల్లు హైవే మీద కూడా కాదు, సందు చివర.

మూడోఅంతస్తు
శుక్రవారం, ఉదయం 6:05

గాలిపటం వస్తే చెప్పండి. నేనూ డ్రమ్ము జరుపుతాను.